ఊరి గొంతు: అమెరికాలో స్థానిక స్పోర్ట్స్‌కాస్టర్ ఒక్కరే ఇన్ని పనులు ఎందుకు చేస్తారు?

1975 డిసెంబరు నెలాఖరు. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బాల్టిమోర్ కోల్ట్స్‌తో ప్లేఆఫ్ మ్యాచ్‌కు సిద్ధమవుతోంది. స్టీలర్స్ మ్యాచ్‌లను రేడియోలో ప్రసారం చేసే డబ్ల్యూటీఏఈ స్టేషన్ పెద్దలు తమ వ్యాఖ్యాత మైరన్ కోప్‌ను పిలిచి, జనంలో ఊపు తెచ్చే చిట్కా ఏదైనా చూడమన్నారు. చివరికి తేలింది ఒక తువ్వాలు. ఇంట్లో ఉన్న పసుపు రంగు తువ్వాలు పట్టుకుని స్టేడియానికి రమ్మని కోప్ రేడియోలో, టీవీలో ఊదరగొట్టారు. డిసెంబరు 27న స్టేడియంలో ఎటు చూసినా తువ్వాళ్లే. స్టీలర్స్ 28-10తో గెలిచారు. ‘టెరిబుల్ టవల్’ అనే ఆ తువ్వాలు ఈనాటికీ పిట్స్‌బర్గ్ వాళ్ల గుర్తు. 1996లో కోప్ దాని హక్కులను అలెగెనీ వ్యాలీ స్కూల్‌కు రాసిచ్చేశారు. మానసిక, శారీరక వైకల్యాలున్న వారిని చూసుకునే సంస్థ అది. ఆయన కొడుకు కూడా అక్కడే ఉండేవాడు.

కోప్ అసలు పత్రికా రచయిత. స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్‌లో రాసిన మనిషి. గొంతు గరగరలాడేది, మాటలో పిట్స్‌బర్గ్ యాస దట్టంగా ఉండేది. ఉద్వేగం వస్తే ‘యోయ్’ అని అరిచేవారు, మరీ పెద్ద సంఘటన అయితే ‘డబుల్ యోయ్’. ఉచ్చారణ పాఠాలు చెప్పే ఏ టీచరూ పాస్ చేయని గొంతు అది. ఆ గొంతుతోనే 1970 నుంచి 2004 వరకు 35 సీజన్లు స్టీలర్స్ రేడియో బూత్‌లో కూర్చున్నారు. అది చాలదన్నట్టు సాయంత్రం రేడియోలో టాక్ షో, టీవీలో వ్యాఖ్యలు. ఇన్ని చేసినా ఆయన్ను ఎవరూ ‘జాతీయ స్టార్’ అనలేదు. ఆయన పిట్స్‌బర్గ్ మనిషి, అంతే.

అమెరికాలో ప్రతి పెద్ద ఊరికీ ఇలాంటి స్పోర్ట్స్‌కాస్టర్, అంటే రేడియోలో టీవీలో ఆటల గురించి చెప్పే గొంతు, ఒకటి ఉండేది. కొన్నిచోట్ల ఇంకా ఉంది. ‘బహుముఖ ప్రజ్ఞ’ అని వాళ్లను మెచ్చుకోవడం మామూలే. ఆ ప్రజ్ఞను పుట్టుకతో వచ్చిన వరంగా మాత్రమే చూస్తే మాత్రం అసలు విషయం కనబడదు. రేడియో ఒకటి అడుగుతుంది, టీవీ ఇంకొకటి అడుగుతుంది. జీతమిచ్చేవాళ్లు ఒకరు కాదు, ముగ్గురు. పైగా అదే ఊళ్లో రేపు కూడా బతకాలి. ఈ మూడూ కలిసి మనిషిని అలా తయారుచేశాయి. ఒక్కో ముడీ విప్పి చూద్దాం.

మొదటి రోజు నుంచీ అన్నీ ఒక్కరే

1921 ఆగస్టు 5. పిట్స్‌బర్గ్‌లోని ఫోర్బ్స్ ఫీల్డ్‌లో పైరేట్స్, ఫిలడెల్ఫియా ఫిల్లీస్ బేస్‌బాల్ ఆడుతున్నారు. హోమ్ ప్లేట్ వెనక సీట్లో కూర్చున్న హెరాల్డ్ ఆర్లిన్ చేతిలో టెలిఫోన్‌ను మార్చి చేసిన మైకు ఉంది. కేడీకేఏ రేడియోకు ఆయన మాటల్లోనే మ్యాచ్ వెళ్లింది. పెద్ద లీగ్ బేస్‌బాల్ రేడియోకెక్కడం అదే మొదలు. పైరేట్స్ 8-5తో గెలిచారు. ఆర్లిన్ అప్పటికి వెస్టింగ్‌హౌస్ కంపెనీలో ఇంజినీరు. రేడియో ఆయనకు అదనపు పని. వార్తలూ ఆయనే చదివేవారు, అదే ఏడాది అక్టోబరులో కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా ఆయనే చెప్పారు. స్పోర్ట్స్‌కాస్టర్ అనే ఉద్యోగమే ఇంకా పుట్టలేదు కాబట్టి, ఏది వస్తే అది చెప్పడమే ఉద్యోగం.

తర్వాతి దశ ఇంకా చిత్రం. జట్టు వేరే ఊళ్లో ఆడుతుంటే అక్కడికి మనిషిని పంపడం, టెలిఫోన్ లైను అద్దెకు తీసుకోవడం స్టేషన్లకు తలకు మించిన ఖర్చు. అందుకని మైదానంలో జరిగేది టెలిగ్రాఫ్‌లో ముక్కలు ముక్కలుగా వచ్చేది. ఆపరేటర్ రాసిచ్చిన చీటీలో నాలుగు అక్షరాలు ఉంటే, స్టూడియోలో కూర్చున్న వ్యాఖ్యాత దాన్ని నాలుగు వాక్యాలు చేసేవారు. బ్యాట్ చప్పుడు కోసం చెక్కను కొట్టడం, జనం హోరు కోసం రికార్డు పెట్టడం మామూలే. 1930లలో అయోవా రాష్ట్రంలోని డబ్ల్యూహెచ్‌వో స్టేషన్‌లో ఇలా చికాగో కబ్స్ మ్యాచ్‌లను చెప్పిన కుర్రవాడి పేరు రొనాల్డ్ రీగన్. ఒకసారి టెలిగ్రాఫ్ తీగ ఆగిపోయిందట. మ్యాచ్ ఆగిందని చెబితే వినేవాళ్లు వేరే స్టేషన్‌కు పోతారు. అందుకని బ్యాటర్ చేత ఫౌల్ (మైదానం గీత బయటికి పోయే బంతి) మీద ఫౌల్ కొట్టిస్తూ ఆరు నిమిషాలకు పైగా నెట్టుకొచ్చానని రీగన్ జీవితమంతా చెప్పుకున్నారు.

ఫౌల్‌నే ఎందుకు ఎంచుకున్నారో చూడండి. హిట్ కొట్టించినా, ఔట్ చేయించినా మర్నాడు పేపర్లో స్కోరు చూసి పట్టేస్తారు. ఫౌల్ కొడితే ఆ లెక్క ఎక్కడా నమోదు కాదు. అబద్ధం చెప్పాల్సి వచ్చినా రికార్డును తాకని అబద్ధం చెప్పారన్నమాట. ఆ క్షణంలో అది తట్టాలంటే ఆట నరనరానా తెలిసి ఉండాలి. 1937లో కబ్స్ శిక్షణ శిబిరం కోసం కాలిఫోర్నియా వెళ్లిన రీగన్ అక్కడే సినిమా స్క్రీన్ టెస్టుకు కూర్చున్నారు. తర్వాతి కథ అందరికీ తెలుసు: సినిమాలు, ఆపైన అమెరికా అధ్యక్ష పదవి.

రేడియో అడిగేది వేరు, టీవీ అడిగేది వేరు

నన్ను అడిగితే ఈ వృత్తిలో అసలు నైపుణ్యం ఇక్కడే ఉంది, బయటివాళ్లకు తక్కువ అర్థమయ్యేదీ ఇదే. ఒకే మ్యాచ్, ఒకే మనిషి. రేడియోలో చెప్పినట్టు టీవీలో చెబితే విసుగు పుట్టిస్తారు. టీవీలో చెప్పినట్టు రేడియోలో చెబితే వినేవాళ్లకు ఏమీ కనబడదు.

రేడియోలో మైదానం మొత్తం మాటల్లో కట్టాలి. అమెరికన్ ఫుట్‌బాల్ అయితే ప్రతి ఆటకు ముందు ఇది ఎన్నో డౌన్ (పది గజాలు ముందుకు పోవడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోది), ఎన్ని గజాలు కావాలి, బంతి ఏ గీత మీద ఉంది, ఏ జట్టు ఎటు నుంచి ఎటు పోతోంది అనేవి చెప్పి తీరాలి. ఈ నాలుగిట్లో ఒకటి జారినా వినేవారి బుర్రలో బొమ్మ చెదిరిపోతుంది. బాస్కెట్‌బాల్‌కు ఈ పద్ధతి నేర్పింది న్యూయార్క్‌కు చెందిన మార్టీ గ్లిక్‌మన్. కోర్టులో ఏ మూలను ఏమని పిలవాలో రేడియో శ్రోతకు అలవాటు చేశారు. బంతి ఎవరి చేతిలో ఉందనే కాదు, ఎక్కడ ఉందో కూడా వినేవారికి ప్రతి క్షణం తెలియాలన్నది ఆయన పట్టుదల. మార్వ్ ఆల్బర్ట్ లాంటివాళ్లు ఆ బడి నుంచే వచ్చారు.

ఇక స్కోరు. మైకు ముందున్నవాళ్లకు స్కోరు ఎదురుగా బోర్డు మీద కనబడుతూనే ఉంటుంది కాబట్టి అది చెప్పాలన్న ధ్యాసే ఉండదు. అప్పుడే కారెక్కి రేడియో పెట్టిన మనిషికి మాత్రం మొదట కావలసింది అదే. సిన్సినాటిలో పెద్ద లీగ్ బేస్‌బాల్ చెప్పడం మొదలుపెట్టి బ్రూక్లిన్ డాడ్జర్స్ గొంతుగా పేరు తెచ్చుకున్న రెడ్ బార్బర్ దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. గుడ్లు ఉడకబెట్టేటప్పుడు పెట్టుకునే మూడు నిమిషాల ఇసుక గడియారాన్ని బల్ల మీద పెట్టుకున్నారు. ఇసుక అడుక్కి చేరగానే స్కోరు చెప్పడం, గడియారాన్ని తిరగేయడం. అంతే. వినేవారి మీద గౌరవం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

1939 ఆగస్టు 26న పెద్ద లీగ్ బేస్‌బాల్ మొదటిసారి టీవీకెక్కినప్పుడు మైకు ముందున్నదీ ఈ బార్బరే. ఎబెట్స్ ఫీల్డ్‌లో రెండు కెమెరాలు పెట్టారు. రేడియోలో పుట్టి పెరిగిన తరం టీవీని నేర్చుకోవడం అక్కడ మొదలైంది. బొమ్మ కనబడుతున్నప్పుడు ‘బంతి ఎడమవైపు వెళ్లింది’ అని చెప్పడం దండగ. ఎందుకు వెళ్లింది, ఆ ఫీల్డర్ అక్కడే ఎందుకు నిలబడ్డాడు అని చెప్పాలి, లేదా నోరు మూసుకోవాలి. రెండోదే కష్టం.

బార్బర్ శిష్యుడు విన్ స్కల్లీ ఆ కష్టమైన పనిలో అందరినీ దాటేశారు. 1950 నుంచి 2016 వరకు 67 సీజన్లు డాడ్జర్స్ జట్టుకే చెప్పారు, ముందు బ్రూక్లిన్‌లో, జట్టు తరలిపోయాక లాస్ ఏంజెలిస్‌లో. 1974 ఏప్రిల్ 8న అట్లాంటాలో డాడ్జర్స్‌తో మ్యాచ్‌లో ఆ ఊరి ఆటగాడు హ్యాంక్ ఆరన్ తన 715వ హోమ్ రన్ కొట్టి బేబ్ రూత్ రికార్డును దాటినప్పుడు ముగ్గురి మాటలు మిగిలాయి. జాతీయ టీవీలో కర్ట్ గౌడీ, అట్లాంటా రేడియోలో మైలో హామిల్టన్, డాడ్జర్స్ రేడియోలో స్కల్లీ. హామిల్టన్ గొంతులో ఊరంతా పండగ చేసుకుంది. స్కల్లీ మాత్రం బంతి గోడ దాటిందని చెప్పి లేచి, బూత్‌లో వెనక్కి వెళ్లిపోయి, జనం హోరును మాట్లాడనిచ్చారు. తిరిగొచ్చాక రికార్డు దగ్గరే ఆగలేదు. అమెరికా దక్షిణాదిలో ఒక నల్లజాతి మనిషికి జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారని చెప్పారు. రేడియోలో మౌనం అంటే స్టేషన్ ఆగిపోయిందేమోనని వినేవాళ్లకు టెన్షన్. అయినా జనం అరుపే అక్కడ కావలసిన బొమ్మ అని ఆయనకు తెలుసు. రెండు మాధ్యమాల్లోనూ ఏళ్ల తరబడి పనిచేస్తేనే అంత ధైర్యం వస్తుంది.

దీనికి పూర్తిగా ఎదురు నిలిచింది కూడా లాస్ ఏంజెలిస్ మనిషే. లేకర్స్ బాస్కెట్‌బాల్ వ్యాఖ్యాత చిక్ హెర్న్ ఒకే మాటను రేడియోకూ టీవీకీ ఒకేసారి ఇచ్చేవారు. బాస్కెట్‌బాల్ వేగం అలాంటిది కాబట్టి, ఆయన నోరు కూడా అంతే వేగం కాబట్టి అది చెల్లింది. ‘స్లామ్ డంక్’, ‘ఎయిర్‌బాల్’ అనే మాటలను వాడుకలోకి తెచ్చింది ఆయనేనంటారు. 1965 నవంబరు నుంచి 2001 డిసెంబరు వరకు ఒక్కటి కూడా తప్పకుండా వరసగా 3,338 మ్యాచ్‌లు చెప్పారు. స్కల్లీ సైతం తర్వాతి కాలంలో మొదటి మూడు ఇన్నింగ్స్ రెండు మాధ్యమాలకూ కలిపి చెప్పి, ఆపైన టీవీకే పరిమితమయ్యేవారు. ఒకే గొంతును రెండు చోట్ల వాడుకుంటే స్టేషన్‌కు ఖర్చు తగ్గుతుందన్న లెక్క కూడా దీని వెనక ఉంది. అది మరచిపోకూడదు.

జీతం ఎవరిస్తారు?

ఇది చాలామంది ప్రేక్షకులకు పట్టని సంగతి. టీవీ బులెటిన్‌లో ఆటల వార్తలు చెప్పే యాంకర్ స్టేషన్ ఉద్యోగి. జట్టు ఓడితే ఓడిందని, కోచ్ తప్పు చేస్తే తప్పని చెప్పడం ఆయన పని. మ్యాచ్‌లు చెప్పే వ్యాఖ్యాత సంగతి వేరు. కొన్నిచోట్ల జట్టే జీతమిస్తుంది, కొన్నిచోట్ల హక్కులు కొన్న స్టేషన్ ఇస్తుంది. స్టేషన్ ఇచ్చినా పేరు ఖరారు చేసేది చాలాసార్లు జట్టే. వీళ్లిద్దరి పైన ప్రకటనల డబ్బు పెట్టే కంపెనీ. సాయంత్రం ఆరింటికి జట్టును విమర్శించిన మనిషే ఏడింటికి అదే జట్టు మ్యాచ్ చెప్పాల్సి వస్తే ఎంత ఇరుకో ఊహించుకోవచ్చు.

హ్యారీ కేరీ కథలో ఇదంతా బయటపడుతుంది. సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కు 25 సీజన్లు గొంతు ఆయనే. అప్పట్లో ఆ జట్టు యజమాని బడ్‌వైజర్ బీరు తయారుచేసే కంపెనీ. 1969 సీజన్ అయ్యాక కేరీని తీసేశారు. విలేకరుల ముందుకు వచ్చినప్పుడు ఆయన చేతిలో ఉన్నది పోటీ కంపెనీ ష్లిట్జ్ బీరు డబ్బా! తర్వాత చికాగో వైట్ సాక్స్ దగ్గర కుదుర్చుకున్న ఒప్పందంలో, స్టేడియానికి జనం ఎక్కువ వస్తే ఆయనకు డబ్బు ఎక్కువ వచ్చే షరతు ఉంది. అంటే వ్యాఖ్యాత టికెట్లు అమ్మే మనిషి కూడా అని కాగితం మీదే రాసుకున్నారు. 1982 నుంచి కబ్స్‌తో ఉన్నప్పుడు చికాగో టీవీ స్టేషన్ డబ్ల్యూజీఎన్ ఉపగ్రహం ద్వారా దేశమంతా కేబుల్‌లో వచ్చేది. ఊరి గొంతుగా మొదలైన మనిషి అలా ఊరు దాటకుండానే దేశానికి తెలిశారు.

డెట్రాయిట్‌లో ఎర్నీ హార్వెల్ కథ ఇంకా మనసును తాకుతుంది. 1948లో బ్రూక్లిన్ డాడ్జర్స్ ఆయన కోసం అట్లాంటాలోని మైనర్ లీగ్ (కింది స్థాయి) జట్టుకు క్లిఫ్ డాపర్ అనే ఆటగాణ్ని బదులిచ్చింది. ఆటగాళ్లను మార్చుకోవడం మామూలే గానీ వ్యాఖ్యాత కోసం ఆటగాణ్ని ఇవ్వడం చిత్రమే కదా. 1960లో డెట్రాయిట్ టైగర్స్‌కు వచ్చాక ఆయన మిషిగన్ రాష్ట్రానికి ఇంటి మనిషి అయిపోయారు. ఫౌల్ బంతి జనంలోకి వెళితే ‘ఇప్సిలాంటీ నుంచి వచ్చినాయన పట్టుకున్నాడు’ అనేవారు. పట్టుకున్నది ఏ ఊరాయనో ఆయనకేం తెలుసు? ప్రతిసారీ ఒక్కో చిన్న ఊరి పేరు. ఎక్కడో పొలంలో ట్రాక్టర్ మీద రేడియో వింటున్న మనిషికి తన ఊరు పేరు వినబడేది. 1990 డిసెంబరులో, వచ్చే సీజనే ఆయనకు చివరిదని ప్రకటించినప్పుడు మిషిగన్ అంతా భగ్గుమంది. తప్పు స్టేషన్‌దా, జట్టుదా అని నెలల తరబడి వాదనలు. జట్టు చేతులు మారాక కొత్త యజమాని 1993లో ఆయన్ను వెనక్కి పిలిచారు. 2002 దాకా చెప్పారు.

ఫుట్‌బాల్‌లో పరిస్థితి చట్టం వల్లే వేరుగా ఉంది. 1961లో వచ్చిన స్పోర్ట్స్ బ్రాడ్‌కాస్టింగ్ చట్టం, లీగ్‌లోని జట్లన్నీ కలిసి టీవీ హక్కులను ఒకే మూటగా అమ్ముకోవడానికి వీలు కల్పించింది. దాంతో అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ సీజన్ మ్యాచ్‌ల టీవీ వ్యాఖ్యానం అంతా జాతీయ నెట్‌వర్క్‌ల చేతికి పోయింది. ఊరి గొంతుకు మిగిలింది రేడియో, సీజన్‌కు ముందు జరిగే ప్రాక్టీసు మ్యాచ్‌ల టీవీ. ఫిలడెల్ఫియా ఈగల్స్‌కు 1977 నుంచి రేడియోలో చెబుతున్న మెరిల్ రీస్‌ను అభిమానులు అంతగా నెత్తిన పెట్టుకోవడానికి ఇదొక కారణం. టీవీలో ఎవరో బయటివాళ్లు చెబుతుంటారు, రేడియోలో మన మనిషి. అందుకే టీవీ శబ్దం తగ్గించి రేడియో పెట్టుకునే అలవాటు చాలా ఊళ్లలో ఉండేది. డిజిటల్ ప్రసారాలు వచ్చాక టీవీ బొమ్మ రేడియో కంటే కొన్ని క్షణాలు వెనకబడటంతో ఆ సరదా కూడా కష్టమైంది. టచ్‌డౌన్ (బంతితో చివరి గీత దాటడం) ముందు చెవికి వినబడి, ఆ తర్వాత కంటికి కనబడుతుంది.

బేస్‌బాల్‌లో మాత్రం స్థానిక హక్కులు జట్ల దగ్గరే మిగిలాయి. ఏడాదికి 162 మ్యాచ్‌లు. దాదాపు ప్రతి సాయంత్రం ఆరు నెలల పాటు ఒకే గొంతు ఇంట్లో వినబడుతుంటే అది ఇంటి గొంతు అయిపోతుంది. స్థానిక వ్యాఖ్యాతల్లో తరతరాలకు గుర్తుండిపోయినవాళ్లు ఎక్కువమంది బేస్‌బాల్ నుంచే రావడానికి కారణం నా దృష్టిలో ఇదే.

మెట్లు ఎక్కేవాళ్లు, ఉన్నచోటే ఉండేవాళ్లు

టీవీ ప్రేక్షకుల లెక్కలు తీసే నీల్సన్ సంస్థ అమెరికాను 210 టీవీ మార్కెట్లుగా విడగొట్టింది. మొదటిది న్యూయార్క్. చిట్టచివరిది మోంటానాలోని గ్లెండైవ్, అక్కడ టీవీ ఉన్న ఇళ్లు కొన్ని వేలే. కొత్తగా వచ్చిన స్పోర్ట్స్‌కాస్టర్ అడుగు మెట్టు దగ్గర మొదలుపెట్టి, రెండు మూడేళ్ల ఒప్పందాల మీద ఒక్కో మెట్టూ ఎక్కుతారు. అదే ఊళ్లో పోటీ స్టేషన్‌కు మారకుండా కట్టేసే షరతు ఈ ఒప్పందాల్లో చాలాకాలంగా మామూలే. ఇలినాయ్, మసాచుసెట్స్ లాంటి కొన్ని రాష్ట్రాలు ప్రసార రంగంలో దాన్ని చట్టం చేసి ఆపాయి. మిగతాచోట్ల పైకి వెళ్లాలంటే ఊరు వదలాల్సిందే.

చిన్న స్టేషన్‌లో శుక్రవారం రాత్రి చూస్తే ఈ ఉద్యోగం ఏమిటో తెలుస్తుంది. అది హైస్కూల్ ఫుట్‌బాల్ రాత్రి. ఆటల విభాగంలో ఉండేది ఇద్దరో ముగ్గురో. స్పోర్ట్స్‌కాస్టర్ కెమెరా భుజాన వేసుకుని మొదటి స్కూలుకు వెళతారు. టచ్‌డౌన్ ఒకటి పడేదాకా సైడ్‌లైన్‌లో నిలబడి తీస్తారు. పడగానే కెమెరాను స్కోరుబోర్డు మీదికి తిప్పుతారు, ఎడిటింగ్‌లో ఏ స్కోరు దగ్గర తీసిందో తెలియడానికి. పరుగున కారెక్కి రెండో స్కూలు. అక్కడా అంతే. ఒక్కోసారి పావుగంట నిలబడినా పాయింటు రాదు, వెనక్కి తిరిగి కారు తలుపు తీస్తుండగా స్టేడియం గొల్లుమంటుంది. స్టేషన్‌కు వచ్చాక ఎడిటింగ్. ఏ షాట్‌లో ఏ నంబరు కుర్రాడు, ఏం చేశాడు అని వరసగా రాసుకునే షాట్ షీట్ పట్టుకుని లైవ్‌లో కూర్చోవాలి. ఒక చేత్తో కోటు వేసుకుంటూ ఇంకో చేత్తో ఫోన్‌లో ఫలితాలు అందుకునే రాత్రి అది. పేరు తప్పు పలికితే ఆ కుర్రాడి తల్లి మర్నాడు పచారీ కొట్టులో ఎదురుపడి చెబుతుంది. మళ్లీ శనివారం అదే మనిషి కాలేజీ మ్యాచ్‌కు రేడియో బూత్‌లో ఉంటారు. ముందు రంగురంగుల అట్ట, దాని మీద ఇరవై రెండు స్థానాలు, ఒక్కో గడిలో నంబరు, పేరు, ఎత్తు, సొంత ఊరు. దాన్ని స్పాటింగ్ బోర్డ్ అంటారు. ఈ బోర్డు రాయడానికే వారంలో సగం పోతుంది. ప్రసారంలో అందులోంచి బయటికి వచ్చేది కొంచెమే.

ఈ గొడ్డు చాకిరీకి ఫలితం ఎప్పుడు ఎలా వస్తుందో చెప్పలేం. ఆల్ మైకెల్స్ 1960ల చివర హొనొలులులో ఉండేవారు. మైనర్ లీగ్ బేస్‌బాల్, యూనివర్సిటీ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, హైస్కూల్ మ్యాచ్‌లు, టీవీ బులెటిన్... ఏదొస్తే అది. 1980 వింటర్ ఒలింపిక్స్‌లో ఐస్ హాకీ చెప్పడానికి ఏబీసీ నెట్‌వర్క్ ఆయన్ను పంపడానికి కారణం చాలా మామూలుది. 1972 ఒలింపిక్స్‌లో ఆయన ఒక్క హాకీ మ్యాచ్ చెప్పి ఉన్నారు. నెట్‌వర్క్‌లో మిగతావాళ్లకు ఆ ఒక్కటీ లేదు. అమెరికా కుర్రాళ్లు సోవియట్ జట్టును ఓడించిన రాత్రి మైకు ఆయన చేతిలో ఉంది.

సెయింట్ లూయిస్ కేఎంఓఎక్స్ రేడియో ఇంకో రకం బడి. 50 వేల వాట్ల స్టేషన్, రాత్రిపూట చాలా రాష్ట్రాలకు వినబడేది. కార్డినల్స్ వ్యాఖ్యాత జాక్ బక్ అక్కడే 1960లో ఒక సంభాషణ కార్యక్రమం మొదటి రోజున ఎలినార్ రూజ్వెల్ట్‌తో మాట్లాడారు. ఆటల మనిషికి మాజీ అధ్యక్షుడి భార్యతో పనేమిటని స్టేషన్ అనుకోలేదు. మంచి ప్రశ్న అడగడం, చెప్పింది వినడం రెండు చోట్లా ఒకటే. 1974లో 22 ఏళ్ల బాబ్ కోస్టాస్ బాస్కెట్‌బాల్ చెప్పడానికి చేరింది కూడా ఇదే స్టేషన్‌లో. ఆయన జాతీయ టీవీకి ఎక్కారు. బక్ నెట్‌వర్క్ పనులు ఎన్ని చేసినా సెయింట్ లూయిస్‌నే ఇల్లు చేసుకున్నారు.

బయటివాళ్లుగా వచ్చి ఈ వృత్తిలో చోటు సంపాదించుకున్నవాళ్లకైతే అన్నీ చేయగలగడం తప్పనిసరి. హైమే హరీన్ ఈక్వెడార్ నుంచి 1955లో లాస్ ఏంజెలిస్ వచ్చేటప్పటికి బేస్‌బాల్ చూసి ఎరగరు. 1959 నుంచి 2022 వరకు డాడ్జర్స్ మ్యాచ్‌లను స్పానిష్‌లో చెప్పారు. మొదటి కొన్నేళ్లు బయటి ఊళ్లలో జరిగే మ్యాచ్‌లకు, స్టూడియోలో కూర్చుని స్కల్లీ ఇంగ్లిష్ కామెంటరీ వింటూ అప్పటికప్పుడు స్పానిష్‌లో కట్టి చెప్పేవారు. 1981లో మెక్సికో కుర్రాడు ఫెర్నాండో వాలెన్జువేలా బేస్‌బాల్‌ను ఊపేసినప్పుడు విలేకరుల సమావేశాల్లో పక్కనే కూర్చుని ఇంగ్లిష్‌లోకి మార్చిందీ ఆయనే. సూజిన్ వాల్డ్‌మన్ బ్రాడ్వే నాటకాల్లో పాడి వచ్చారు. 1987 జులై 1న న్యూయార్క్‌లో ఇరవై నాలుగు గంటల స్పోర్ట్స్ రేడియో డబ్ల్యూఎఫ్ఏఎన్ మొదలైనప్పుడు వినబడిన మొదటి గొంతు ఆమెది. రిపోర్టింగ్, టాక్ షో, టీవీ అన్నీ చేశాక 2005లో న్యూయార్క్ బేస్‌బాల్ జట్టు యాంకీస్ రేడియో బూత్‌లో కుర్చీ దొరికింది. పద్దెనిమిదేళ్లు! అదే పని మగవాళ్లకు ఇంత ఆలస్యం అయ్యేది కాదన్నది నా అభిప్రాయం.

కుర్చీ ఎందుకు కదిలింది?

ఒకప్పుడు ఆట ముక్కలు చూడాలంటే రాత్రి స్థానిక బులెటినే దిక్కు. వాషింగ్టన్‌లో వార్నర్ వుల్ఫ్ ‘వీడియో టేప్ చూద్దాం’ అనే ఒక్క మాటతో పేరు తెచ్చుకున్నారంటే, ఆ టేపు ఇంకెక్కడా దొరక్కపోవడమే కారణం. అదే ఊళ్లో 1980లో చేరిన జార్జ్ మైకెల్ అంతకుముందు పాటలు వేసే రేడియో డిస్క్ జాకీ. ఉపగ్రహం ద్వారా దేశం నలుమూలల ఆట దృశ్యాలు పట్టి, 1984 నుంచి తన స్థానిక కార్యక్రమాన్ని దేశమంతటికీ పంచారు. కానీ 1979 సెప్టెంబరు 7నే ఈఎస్‌పీఎన్ మొదలైపోయింది. కేబుల్ అన్ని ఇళ్లకూ చేరాక, ఆ తర్వాత ఫోన్ చేతికొచ్చాక, రాత్రి పదకొండింటి దాకా స్కోరు కోసం కూర్చునేవాళ్లు లేకపోయారు. 2007లో ఖర్చు తగ్గించడానికి తన బృందాన్ని కోసేయమంటే మైకెల్ ఆ కుర్చీనే వదిలేశారు.

రెండో దెబ్బ మ్యాచ్ ప్రసారాల మీద పడింది. స్థానిక జట్ల మ్యాచ్‌లు మామూలు టీవీ నుంచి ప్రాంతీయ స్పోర్ట్స్ కేబుల్ ఛానెళ్లకు మారాయి. ఆట చూడనివాళ్లూ కేబుల్ బిల్లులో వాటికి డబ్బు కట్టేవాళ్లు, ఆ సొమ్ములోంచే జట్లకు పెద్ద మొత్తాలు వెళ్లేవి. జనం కేబుల్ తెంచుకోవడం మొదలయ్యాక లెక్క తలకిందులైంది. 2019లో 21 ప్రాంతీయ ఛానెళ్లను సింక్లెయిర్ సంస్థ దాదాపు వెయ్యి కోట్ల డాలర్లకు కొన్నది. వాటిని నడిపే డైమండ్ స్పోర్ట్స్ 2023 మార్చిలో దివాలా రక్షణ కోరింది. ఆ మే నెలాఖరుకు శాన్ డియాగో పాడ్రెస్ మ్యాచ్‌ల ప్రసారాన్ని బేస్‌బాల్ లీగే తన చేతుల్లోకి తీసుకుంది. అదే ఏడాది ఫీనిక్స్ సన్స్ బాస్కెట్‌బాల్ జట్టు కేబుల్ వదిలి, యాంటెన్నాతో ఉచితంగా చూడగలిగే స్థానిక టీవీకి తిరిగొచ్చింది.

ఇది చూసి పాత రోజులు వస్తున్నాయని సంబరపడేవాళ్లున్నారు. నాకు అంత నమ్మకం లేదు. మ్యాచ్ ఊరి ఛానెల్‌కు తిరిగొచ్చినా వ్యాఖ్యాతను ఎంచుకునేది జట్టే. ఆరింటి బులెటిన్‌లో ఆ జట్టును నిలదీసే మనిషి తిరిగి రాలేదు. ఇప్పటి చిన్న స్టేషన్లలో స్పోర్ట్స్‌కాస్టర్లు కూడా అన్ని పనులూ చేస్తున్నారు. కెమెరా, ఎడిటింగ్, వెబ్‌సైట్ రాతలు, సోషల్ మీడియా, పాడ్‌కాస్ట్ అన్నీ ఒక్కరే. మైనర్ లీగ్ బేస్‌బాల్‌లో అయితే మ్యాచ్ చెప్పే మనిషే పగలు ప్రకటనల స్థలం అమ్మడమూ కనబడుతుంది. పని పరిధి చూస్తే కోప్ కంటే వీళ్లదే పెద్దది. ఆయనకు ఉండి వీళ్లకు లేనిది ఒకే ఊళ్లో ముప్పై అయిదేళ్లు. ఎదురింటివాళ్లు, కోచ్, ప్రకటనదారు, బస్సు డ్రైవరు అందరూ ఆ గొంతును ఎరిగి ఉండటం వల్లే కోప్ తువ్వాలు తెమ్మంటే తెచ్చారు. రెండేళ్ల ఒప్పందం మీద వచ్చినవాళ్లకు ఊరి వీధుల పేర్లు సరిగ్గా పలకడం వచ్చేలోపే ఇంకో మార్కెట్‌కు సామాను సర్దుకునే వేళ అవుతుంది.

అయినా స్టేషన్లకు ఇంకా పోటీ లేని చోటు ఒకటుంది. పెద్ద లీగ్‌ల స్కోరు ఫోన్‌లో క్షణంలో వస్తుంది. పక్క ఊరి హైస్కూల్ మ్యాచ్‌లో మూడో క్వార్టర్‌లో బంతి పట్టుకుని పరిగెత్తిన కుర్రాడెవరో, మోకాలు పట్టేసి బయటికి వచ్చిన పిల్ల వచ్చే వారం ఆడుతుందో లేదో ఈఎస్‌పీఎన్ చెప్పదు. దానికి ఎవరో ఒకరు కెమెరా పట్టుకుని ఆ సైడ్‌లైన్‌లో నిలబడాలి, సోమవారం ఆ కోచ్‌కు ఫోన్ చేయాలి. ఆటల విభాగం ఉంచాలా తీసేయాలా అని స్టేషన్ యాజమాన్యాలు లెక్కలు వేసుకుంటున్నప్పుడు, శుక్రవారం రాత్రి ఎంతమంది చూస్తున్నారన్నది అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న.